పొదుపు ఆమెది, మిగులు ఎవరిది?

(స్త్రీల సంఘాల కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



పాతకాలపు పొదుపరి ఇల్లాలికి నేటి జీవితంలో ఉన్న అర్థం ఏమిటో మాట్లాడమని ఈ శిబిరం నిర్వాహకులు అడిగినప్పుడు ముందు నాకు నవ్వొచ్చింది. హింస గురించీ, ఆస్తిహక్కు గురించీ, కోర్టుల గురించీ రెండు రోజులుగా చర్చించుకుంటున్న చోట పోపులపెట్టె గురించి ఏం మాట్లాడను అనుకున్నాను. తర్వాత ఒకామె తెచ్చిన లెక్కలపుస్తకం గుర్తొచ్చింది. అందుకే ఒప్పుకున్నాను.

శనివారాలు నేనొక కౌన్సెలింగ్ కేంద్రంలో కూర్చుంటాను. పంతొమ్మిదేళ్ల కాపురం తర్వాత ఇల్లు వదిలి బయటికి వచ్చిన ఒకామె అక్కడికి వచ్చింది. భర్తకు ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. ఇద్దరు పిల్లలు. బ్యాంకు అప్పుతో కొన్న మూడు గదుల ఫ్లాటు ఉంది, అది ఆయన పేరు మీదే ఉంది. మనోవర్తి కేసు వెయ్యాలి. మీకందరికీ తెలిసిందే, 2020 నవంబరులో రజనీష్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఇలాంటి కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, నెలనెలా ఖర్చులు వివరంగా రాసి అఫిడవిట్ దాఖలు చెయ్యాలి. ఆ ఫారం మేము నింపుతున్నాం. వృత్తి అన్నచోట గృహిణి అని రాశాం. ఆదాయం అన్నచోట లేదు అని రాశాం. ఆస్తులు అంటే మెడలో గొలుసు, రెండు గాజులు. అరగంటలో ఆమె పంతొమ్మిదేళ్ల బతుకు అయిపోయింది.

"నెల ఖర్చు ఎంతవుతుందో గుర్తుందా?" అని అడిగాను. ఆమె సంచిలోంచి అట్ట చిరిగిన పొడుగు నోటుబుక్కు తీసింది. "ఇలాంటివి ఇంట్లో ఇంకా ఉన్నాయి మేడం, ఇదొక్కటే తెచ్చుకోగలిగాను" అంది.

ఆ పుస్తకం నేను ఆ రాత్రి ఇంటికి తెచ్చుకుని చదివాను. పాలు అర లీటరు తగ్గించాం. కందిపప్పు బదులు పెసరపప్పు. గ్యాసు బండ 47 రోజులు వచ్చింది. పాత చీరలు నాలుగు ఇచ్చి స్టీలు డబ్బాలు రెండు. పెద్దదాని యూనిఫాం చిన్నదానికి సరిచేశాను, టైలరు డబ్బులు మిగిలాయి. చీటీ పాడి ఇంటి వాయిదాలో తక్కువపడ్డది కట్టాం. కట్టాం అని రాసింది, కట్టాను అని కాదు. ఆ పుస్తకంలో ఆమె పేరు ఎక్కడా లేదు. ఆమె కోసం పెట్టిన ఖర్చు ఒకటే కనిపించింది, పన్ను పీకించుకున్నందుకు.

ఇది ఆదాయం లేని మనిషి పుస్తకమా? ఆయన జీతంలో సగానికి దగ్గరగా ఇంటి అప్పుకి పోతుంటే మిగిలిన దాంతో నలుగురు తిని, కట్టుకుని, పిల్లలు చదువుకున్నారంటే అది ఎలా సాధ్యమైంది? బజారులో కొనాల్సినవాటిని ఆమె ఇంట్లో చెయ్యడం వల్ల సాధ్యమైంది. కొన్నవి రెట్టింపు కాలం వచ్చేలా చూడటం వల్ల సాధ్యమైంది. ఆ ఫ్లాటు గోడల్లో ఎన్ని ఇటుకలు జీతానివో, ఎన్ని ఆ పుస్తకానివో లెక్కకట్టేవాళ్లెవరూ లేరు. నేనివాళ ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఈ విషయమే. పొదుపు అనేది ఒక గుణంగా, ఆడదాని సుగుణంగా మనకు నేర్పారు. కానీ అది పని. పనికి ఫలితం ఉంటుంది. ఆ ఫలితం మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది.

పని అని ఊరికే అనటం లేదు. మాది పాలకొల్లు. నాన్న ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. నా చిన్నతనం అంటే ఎనభైల చివర, తొంభైల మొదట్లో మాట. ఇంట్లో కిరసనాయిలు స్టవ్వు ఉండేది కానీ దాన్ని చుట్టాలొస్తేనే వెలిగించేది అమ్మ. మామూలు రోజుల్లో ఊక పొయ్యి. రైసు మిల్లుల ఊరు కనక ఊకకి కొదవ లేదు. రేకు పొయ్యి మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ ఊక పోసి గట్టిగా కూరి, సీసాని మెల్లగా తిప్పుతూ పైకి లాగాలి. కూరటం వదులైతే మధ్యలో కూలిపోతుంది. మరీ బిగిస్తే మంట రాదు, పొగే వస్తుంది. నేను పదిసార్లు ప్రయత్నిస్తే రెండుసార్లు నిలబడేది. అమ్మకి తప్పేది కాదు. ఒక పొయ్యి కూరితే పొద్దున వంటంతా దాని మీద అయిపోయి, చివర్న నీళ్లు కూడా కాగేవి.

అన్నం వార్చిన గంజి కొంత చీరలకి, కొంత పక్కింటి గేదె కుడితిలోకి వెళ్లేది. ఆ కుడితికి బదులుగా వారానికోసారి చెంబుడు మజ్జిగ వచ్చేది. చిరిగిన చీరలు బొంతలయ్యేవి, బొంతలు చిరిగితే పొత్తిగుడ్డలయ్యేవి, అవి పాతబడితే మసిగుడ్డలు. మేము నెలసరికి వాడుకున్న గుడ్డలూ అందులోంచి వచ్చినవే. ఎండాకాలం వచ్చిందంటే ఆవకాయ, మాగాయ, ఊరమిరపకాయలు, వడియాలు. అవన్నీ వానాకాలంలో కూరలు ప్రియమైనప్పుడు కంచంలోకి రావలసిన సరుకు. అంటే మే నెల ఎండలో మేడ మీద అమ్మ చేసేది ఆగస్టు నెల బడ్జెట్టు. ఏ నెలలో ఏది చవక, ఏది ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, ఏ దుకాణంలో పద్దు పెట్టవచ్చు, ఒకటో తారీకు దాకా ఎవర్ని ఆపవచ్చు, ఇదంతా తల్లో పెట్టుకుని తిరిగేది. నేను డాక్టరేటు కోసం చదివిన గృహ అర్థశాస్త్రంలో ఇంత సూక్ష్మంగా ఎవరూ చెప్పలేదు.

ఇక్కడిదాకా చెబితే మీలో కొందరికి కళ్లు చెమర్చవచ్చు. పాత రోజులు ఎంత బాగుండేవో అనిపించవచ్చు. అందుకే రెండో సగం కూడా చెప్పాలి.

పొదుపు మొదలయ్యేది ఆమె కంచంలోనే. రాత్రి మిగిలిన అన్నం పొద్దున చద్దన్నంగా, తరవాణిగా తినేది అమ్మా, నాయనమ్మా. నాన్నకీ, తమ్ముడికీ వేడి అన్నం. అందరూ తిన్నాక గిన్నెలో ఉన్నంతే ఆమె భోజనం. చాలకపోతే ఆకలి లేదనేది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21లో జరిగిన అయిదో విడత, ఏం చెప్పిందో చూడండి. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. అదే వయసు మగవాళ్లలో దేశం మొత్తం మీద 25 శాతం. రక్తహీనతకి కారణాలు అనేకం, నాకు తెలుసు. కానీ ఆఖర్న తినటం, తక్కువ తినటం అనే ఆచారాన్ని పొదుపు అనే మంచి మాట కప్పిపెడుతుందని కూడా నాకు తెలుసు. ఊక పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి. మా అక్కని పదో తరగతితో ఆపేశారు. ఇద్దరు ఆడపిల్లల్ని చదివించే స్తోమత లేదన్నారు. నిజానికి కాలేజీ ఫీజు అంత పెద్దదేమీ కాదు. అక్క ఇంట్లో ఉంటే అంట్లు, నీళ్లు, కుట్టుపని, నాయనమ్మ మంచం దగ్గర చాకిరీ గడిచిపోతాయి. ఆమె చదువు మానటం కూడా ఆ ఏడాది పొదుపు లెక్కల్లో ఒక పద్దే. ఆ పద్దు మీదే నేను చదువుకున్నాను. ఈ మాట బహిరంగంగా చెప్పటం ఇదే మొదటిసారి.

కులం సంగతి కూడా దాటెయ్యకూడదు. మా ఇంటి పొదుపులో ఒక భాగం బట్టలుతికే ఆమెకీ, అంట్లు తోమే ఆమెకీ తక్కువ ఇవ్వటం వల్ల వచ్చినదే. రాత్రి పూట మిగిలిన అన్నం, కూర, పండగకి పాత చీర, వీటిని జీతంలో భాగంగానే లెక్కేసేవాళ్లం, పైగా దానం అనుకునేవాళ్లం. పారెయ్యకుండా సద్వినియోగం చేశామన్న తృప్తి మాకు, కూలి ఎగ్గొట్టిన సంగతి ఆమెకి. ఇక కూలికి పోయే దళిత స్త్రీలకి పొదుపు అనే మాటే వేరుగా వినిపిస్తుంది. ఒకటో తారీకు జీతం వచ్చే ఇంట్లో కదా నెల బడ్జెట్టు వేసేది. ఏ రోజు కూలి ఆ రోజే అయినచోట పారెయ్యడానికి ఏముంటుంది, దాచడానికి ఏముంటుంది? మిగలని చోట మిగల్చలేదని ఆడదాన్నే తిట్టటం మాత్రం అక్కడా ఉంది.

ఈ పొదుపరి ఇల్లాలు అనాదిగా ఉన్నదేమీ కాదని చరిత్ర చెబుతుంది. స్త్రీల కోసం వీరేశలింగం గారు 1883లో సతీహితబోధిని మొదలుపెట్టారు. తర్వాత 1902లో హిందూసుందరి, 1928లో మద్రాసు నుంచి కేసరి గారి గృహలక్ష్మి వచ్చాయి. వీటిలో స్త్రీవిద్య కావాలన్న వాదన ఉంది, అది చిన్న విషయం కాదు, మనమంతా ఆ చదువు వారసులమే. అయితే చదువెందుకన్న ప్రశ్నకి ఆ కాలం ఇచ్చిన జవాబుల్లో ఇల్లు చక్కగా దిద్దుకోవడం ఒకటి. కచేరీ ఉద్యోగాలు, నెల జీతాలు వచ్చిన తరగతికి ఆ జీతాన్ని నెలాఖరు దాకా సాగదీసే మనిషి కావలసి వచ్చింది. తర్వాత అది గృహవిజ్ఞానం అనే పాఠ్యాంశమైంది. మేము బళ్లో ఉన్నప్పుడు మగపిల్లలు మైదానంలో ఆడుకుంటుంటే మాకు గుండీలు కుట్టటం, మరకలు తియ్యటం నేర్పేవాళ్లు. మరకలు తియ్యటం మగపిల్లలకి కూడా నేర్పితే దేశానికి నష్టమేమిటో ఏ టీచరూ చెప్పలేదు.

ప్రభుత్వం ఈ పనిని ఎలా చూస్తుందో చూద్దాం. ఉపాధి సర్వేల్లో ప్రతి మనిషికీ ఒక కోడు వేస్తారు. ఇంటిపని మాత్రమే చేసే మనిషి కోడు 92. ఇంటిపనితో పాటు కూరలూ దుంపలూ, కట్టెలూ, పశువుల మేతా ఏరి తెచ్చుకునేవాళ్లు, ఇంటి వాడకానికి కుట్టుపనీ నేతపనీ చేసేవాళ్లు కోడు 93. అంటే మా అమ్మ. ఆమె కోసం విడిగా ఒక అంకె ఉన్నదన్న సంగతి తెలిసి నేను మొదట ఆశ్చర్యపోయాను, కొంచెం సంతోషపడ్డాను కూడా. కానీ 92 అయినా 93 అయినా లెక్క ఒక్కటే, ఇద్దరూ శ్రామికశక్తి బయట. ప్రభుత్వం ఆమె కట్టెలు ఏరటం చూసింది, కుట్టటం చూసింది, చూసి పని కాదని రాసుకుంది.

మా ప్రాంతం గురించే మరియా మీస్ అనే జర్మన్ స్త్రీవాద పరిశోధకురాలు 1982లో పుస్తకం రాసింది. నరసాపురం లేసు అల్లే స్త్రీల గురించి. వాళ్లు అల్లిన లేసు విదేశాలకి ఎగుమతయ్యేది. వ్యాపారులు డబ్బు గడించారు. అల్లినవాళ్లు మాత్రం ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులుగానే లెక్క, అందుకే కూలి అంత తక్కువ. గృహిణి అన్న ముద్ర వెయ్యటం ద్వారానే శ్రమని చవక చెయ్యవచ్చునని ఆమె చూపించింది. ఆ పుస్తకం నేను హైదరాబాదులో లైబ్రరీలో కూర్చుని చదువుతుంటే మా వీధి అరుగులు కళ్లకు కట్టాయి. మా ఊరి గురించి నేను ఇంగ్లీషులో, అంత దూరాన్నుంచి వచ్చిన మనిషి రాస్తే తెలుసుకోవలసి వచ్చింది. మీస్ 2023లో చనిపోయింది.

సమయం లెక్కలు మీ దగ్గర కరపత్రాల్లో ఉండే ఉంటాయి కనక క్లుప్తంగా చెబుతాను. 2019 జాతీయ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. 2024లో స్త్రీలది 289, మగవాళ్లది 88. మన సమయం పది నిమిషాలు తగ్గిందని సంతోషించేలోపు వాళ్లది కూడా తొమ్మిది తగ్గింది. ఇవి చేతులతో చేసే పని నిమిషాలు. పడుకున్నాక రేపటి పాలడబ్బులు ఎక్కడ సర్దాలా అని ఆలోచించే సమయాన్ని ఏ గడియారం కొలుస్తుంది?

ఇక్కడ మన ఉద్యమాల సంగతి కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే తెలుగునాట పొదుపు అనే మాటకి మరో చరిత్ర ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1991-92లో అక్షరాస్యతా కేంద్రాల్లో చదువుకుంటున్న స్త్రీలు సారా దుకాణాల మీదికి వెళ్లారు. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ పోరాటం వెనక ఉన్నదీ ఇంటి లెక్కే. సంపాదన సారా కొట్టుకి పోతుంటే ఇంట్లో ఎంత పొదుపు చేసి ఏం లాభమన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్న వాళ్లని వీధిలోకి తెచ్చింది. ఆ తర్వాతే రోజుకో రూపాయి చొప్పున దాచుకునే పొదుపు సంఘాలు ఊరూరా వచ్చాయి. భర్త చేతికి చిక్కకుండా సొంత పేరున పాసుపుస్తకం ఉండటం ఆ తరానికి ఎంత పెద్ద సంగతో నేను చూశాను. సంఘం మీటింగు అని చెప్పి గడప దాటటం కూడా.

కానీ క్రమంగా ఏమైంది? పోరాడిన స్త్రీ స్థానంలో అప్పు సక్రమంగా తిరిగి కట్టే స్త్రీ వచ్చింది. ఆమె పొదుపు గుణమే బ్యాంకులకీ, సూక్ష్మరుణ సంస్థలకీ హామీ అయింది. వారం వారం వాయిదా ఎక్కడనుంచి కట్టింది? చాలామంది వంటింట్లోంచి కట్టారు. కూర మానేసి, పాలు మానేసి, ఒక సంస్థ అప్పు తీర్చటానికి ఇంకో సంస్థ దగ్గర తీసుకుని కట్టారు. ఆత్మహత్యల వార్తల తర్వాత 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. గ్రూపులో ఒకరు కట్టకపోతే మిగిలినవాళ్లే వెళ్లి ఆమె గుమ్మంలో కూర్చోవటం మనం చూశాం. మనలో కొందరం అప్పట్లో ఆ గ్రూపులకి శిక్షణ ఇచ్చినవాళ్లమే. పొదుపు చెయ్యండని చెప్పినవాళ్లం, ఆదాయం ఎందుకు పెరగదని గట్టిగా అడగలేదు.

ఇప్పుడు మళ్లీ పాత పొదుపు కొత్త వేషంలో వస్తోంది. ఇనప మూకుడు, మట్టి కుండ, కుంకుడుకాయ, గుడ్డ సంచి, చిరుధాన్యాలు. భూమి కోసం తక్కువ వాడుకోవటం మంచిదే, నేనూ గుడ్డ సంచే వాడతాను. అయితే ఇనప మూకుడు తుప్పు పట్టకుండా తోమి, తుడిచి, నూనె రాసేది ఎవరు? కుంకుడుకాయలు కొట్టేది ఎవరు? ప్లాస్టిక్ మానేద్దాం అని ఇంట్లో తీర్మానం ఆయన చేస్తాడు, అమలు ఆమె చేస్తుంది. ఎనిమిది గంటలు ఆఫీసులో పనిచేసి వచ్చిన అమ్మాయి రెడీమేడ్ ఇడ్లీ పిండి పాకెట్ కొంటే "మా అమ్మ ఎప్పుడూ బయట పిండి కొనలేదు" అనే మాట నేటికీ వింటున్నాం. వాళ్లమ్మ కొనలేదు, నిజమే. ఆమె రోలు దగ్గర కూర్చున్న గంటలు ఆయనకి రుచిగా మాత్రమే గుర్తున్నాయి. హైదరాబాదులో ప్రతి వీధిలోనూ కనిపించే స్వగృహ ఫుడ్స్ దుకాణాల వెనక గదుల్లోకి ఒకసారి వెళ్లి చూడండి. చక్రాలు, సున్నుండలు, పొడులు చేసేది ఎక్కువగా స్త్రీలే. అమ్మ చేతి వంట అన్న పేరు సరుకుకి ధర పెంచుతుంది, చేసిన చేతికి కూలి పెంచదు.

సరే, హక్కు సంగతికి వద్దాం.

2016 నవంబరు 8 రాత్రి మనందరికీ గుర్తుంది. 500, 1000 నోట్లు చెల్లవన్నప్పుడు దేశమంతటా పోపుల డబ్బాలు, బియ్యం డబ్బాలు, చీరల మడతలు బయటపడ్డాయి. నల్లధనం ఏమాత్రం బయటపడిందోగానీ భార్యల రహస్య నిల్వలు మాత్రం బయటపడ్డాయి. తాగుబోతు భర్తకి తెలియకుండా, అత్తకి తెలియకుండా, కూతురి కాన్పు కోసమో, తన చావు ఖర్చు కోసమో దాచుకున్న డబ్బు. ఆయన చేత్తోనే మార్పించుకోవలసి వచ్చింది. ఎంతమందికి తిరిగి చేతికి వచ్చిందో మీ మీ ఊళ్లలో అడిగితే తెలుస్తుంది. అప్పుడు రెండు లక్షల పైచిలుకు బ్యాంకులో వేసిన ఒక గృహిణిని ఇది ఎక్కడి ఆదాయమని పన్ను అధికారులు అడిగారు. ఆగ్రాలోని ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ 2021లో అది కుటుంబ సభ్యులిచ్చిన డబ్బులోంచి ఆమె చేసిన పొదుపేనని ఒప్పుకుంది. పన్ను పడకుండా తప్పించుకుంది, సంతోషం. కానీ భర్త వచ్చి ఆ డబ్బు నాదని అంటే ఏమవుతుంది?

ఈ ప్రశ్న ఇంగ్లండులో నిజంగానే కోర్టుకెక్కింది. ఇంటి ఖర్చుకిచ్చిన సొమ్ములోంచి మిగిల్చి భార్య సహకార సంఘంలో దాచుకున్న డబ్బు భర్తదేనని 1943లో అక్కడి అప్పీలు కోర్టు చెప్పింది. ఎంత పొదుపు చేస్తే అంత ఆయనకే లాభం. దాన్ని సరిచెయ్యటానికి 1964లో చట్టం చెయ్యవలసి వచ్చింది. భర్త ఇచ్చిన ఇంటి ఖర్చులో మిగిలినది, దాంతో కొన్నది, వేరే ఒప్పందం లేకపోతే ఇద్దరిదీ సగం సగం అని. మన దేశంలో గోవాలో, పోర్చుగీసు కాలపు పౌరస్మృతి వల్ల, వివాహంతో ఆస్తి ఉమ్మడి అయ్యే పద్ధతి ఉంది. మిగిలిన చాలాచోట్ల కాగితం ఎవరి పేరున ఉంటే వాళ్లది.

మన కోర్టులు ఇల్లాలి పనికి విలువ కట్టిన సందర్భాలు చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఆమె చనిపోయాకే కట్టాయి. జంషెడ్‌పూర్‌లో 1989లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో 2001లో సుప్రీంకోర్టు మధ్యవయసు గృహిణుల సేవకి నెలకి 3000 రూపాయలు లెక్కవేసింది. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ తన విడి అభిప్రాయంలో ఇందాక చెప్పిన సమయం సర్వేని ఉదహరిస్తూ ఇంటిపని పని కాదనుకోవటం తప్పని రాశారు. చాలా మంచి మాటలు, చదవండి. అయితే ఆ నష్టపరిహారం అందుకునేది ఆమె కాదు, ఆమె మీద ఆధారపడ్డవాళ్లు. లారీ కింద పడితే విలువ ఉన్న పనికి బతికుండగా విడాకుల వేళ విలువ లేకపోవటం ఏమిటి?

బతికున్న ఇల్లాలికి దారి చూపిన తీర్పు 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు నుంచి వచ్చింది. భర్త గల్ఫ్‌లో ఏళ్లపాటు పనిచేశాడు. భార్య ఇక్కడ ఉండి పిల్లల్ని పెంచింది, అతను పంపిన డబ్బుతో ఆస్తులు కొన్నది. అవన్నీ నావేనని అతను అన్నాడు. ఆమె ఇల్లు నడపకపోతే అతను అలా సంపాదించగలిగేవాడు కాదు, కనక ఆస్తి సంపాదనలో ఆమెకీ సమాన భాగం ఉందని జస్టిస్ కృష్ణన్ రామస్వామి తీర్పు చెప్పారు. గల్ఫ్ వలసలున్న కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల్లో పనిచేసే మీకు ఇది ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. ఇది మన రాష్ట్రాల కోర్టులు తప్పక పాటించవలసిన తీర్పు కాదు, కానీ వాదనలో చూపించుకోవచ్చు. 2024 జూలైలో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక ముస్లిం స్త్రీ మనోవర్తి కేసులో జస్టిస్ నాగరత్న గృహిణులకి భర్తతో ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు ఉండాలని రాశారు. అది సలహా, ఆదేశం కాదు. అయినా కౌన్సెలింగులో భర్త ముందు పెట్టటానికి పనికొస్తుంది, నేను వాడుతున్నాను.

చట్టం వచ్చేదాకా మన చేతిలో ఉన్నది ఆ అఫిడవిట్ కాగితమే. అందులో గృహిణి, ఆదాయం లేదు అని రాసి ఊరుకోవద్దని మిమ్మల్ని అడగటానికి వచ్చాను. ఆమెను కూర్చోబెట్టి అడగండి. పిండి ఎక్కడ రుబ్బారు, బట్టలు ఎవరు కుట్టారు, అత్తగారి మంచం దగ్గర ఎవరున్నారు, ట్యూషను ఎవరు చెప్పారు, చీటీ ఎవరు పాడారు, ఆ డబ్బు ఎక్కడికి పోయింది. అదనపు పేజీలు జతచెయ్యండి. లాయర్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

మా కేసులో కూడా లాయరుగారు ముందు ఆ నోటుబుక్కుని పక్కన పెట్టేశారు, ఆడవాళ్ల పాల లెక్కలు కోర్టుకెందుకన్నారు. పట్టుబట్టి జతచేశాం. విచారణలో భర్త తరఫువాళ్లు నెలకి ఇంటి ఖర్చుకి పాతికవేలు ఇచ్చేవాడినని చెప్పారు. జడ్జిగారు పుస్తకం తెప్పించుకుని పేజీలు తిప్పారు. ఏ నెలా పద్నాలుగు వేలు దాటలేదు, ప్రతి ఒకటో తారీకునా ఎంత చేతికొచ్చిందో రాసి ఉంది, కొన్ని పేజీల్లో కింద ఆయన చేతిరాతతోనే కూడికలు కూడా ఉన్నాయి. మధ్యంతర మనోవర్తి వచ్చింది. అడిగినంత రాలేదు, కానీ వచ్చింది. ఫ్లాటులో భాగం కోసం వేసిన దావా ఇంకా నడుస్తోంది. అది ఎటు తేలుతుందో చెప్పలేను.

పుస్తకం ఇప్పుడు కోర్టు ఫైలులో ఉంది. మొన్న శనివారం ఆమె వచ్చి దాని జిరాక్సు అడిగింది. ఎందుకని అడిగితే, "కిందటేడు చింతపండు ఏ రేటుకి కొన్నానో అందులో ఉంది మేడం, ఈ ఏడు ఎంతకి అడగాలో చూసుకోవాలి" అంది. ఇచ్చాను. కొత్త పుస్తకం మొదలుపెట్టిందట. అందులో మొదటి పేజీలో తన పేరు రాసుకుంది, నాకు చూపించింది.